మూత్రాన్ని చూసే కళ్లేవి?

ఈ మధ్య ఏ చుట్టాలింటికి వెళ్లినా కాఫీ గ్లాసు కంటే ముందు ఒక ఫైలు చేతికొస్తోంది. "మాస్టర్ చెకప్ చేయించుకున్నాను బాబాయ్, మీరు ల్యాబ్‌లో పనిచేశారు కదా, ఒక్కసారి చూసిపెట్టండి" అంటారు. నిగనిగలాడే కాగితాలు, ప్రతి అంకె పక్కనా ఎరుపో పచ్చో ఒక గుర్తు. కొలెస్టరాల్‌ని ముక్కలు చేసి అయిదు వరసల్లో వేస్తారు. విటమిన్ డి, బి12, థైరాయిడ్, మూడు నెలల షుగరు... ఈ పేర్లన్నీ ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. నేను మాత్రం ఆ ఫైలుని వెనకనుంచి తిరగేస్తాను. మూత్రపరీక్ష కాగితం ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది. "అది మామూలే బాబాయ్, అందులో ఏముంటుంది?" అంటారు. నా కోపమంతా ఆ మాట మీదే.

అందులో ఏముంటుందో చెప్తాను. మన రెండు మూత్రపిండాల్లోకీ కలిపి నిమిషానికి లీటరు పైచిలుకు రక్తం వెళ్తుంది. రోజంతా కలిపితే 180 లీటర్ల ద్రవాన్ని అవి వడగట్టి, పనికొచ్చేదంతా మళ్లీ వెనక్కి పీల్చుకుని, లీటరున్నరో రెండు లీటర్లో బయటికి పంపుతాయి. ఇంత చాకిరీ చేసే అవయవం తనకు జబ్బు చేస్తే నోరు తెరవదు. ఒక కిడ్నీలో గడ్డ పెరుగుతుంటే రెండోది దాని పని కూడా నెత్తిన వేసుకుంటుంది. అందుకే అందరూ ధైర్యం కోసం చూసుకునే క్రియాటినిన్ అంకె, కిడ్నీలో కాన్సర్ ఉన్నా నార్మల్‌గానే ఉండొచ్చు. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, ఆకలి పోదు. కొందరిలో మూత్రంలో మాత్రం నాలుగు ఎర్రకణాలు కనపడతాయి. ఆ నాలుగింటినీ పట్టుకునే మనిషి కావాలి. అలాంటి మనుషుల్ని తయారుచేసే పద్ధతి మన కళ్లముందే పోయింది.

మా రోజుల్లో ఎలా ఉండేదో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. నేను పనిచేసింది సర్కారు ఆసుపత్రి ల్యాబ్‌లో. పొద్దున ఏడింటికే కిటికీ ముందు జనం వరస కట్టేవారు. ఖాళీ పెన్సిలిన్ సీసాలు, దగ్గుమందు సీసాలు, ఏది దొరికితే అది కడిగి అందులో పట్టుకొచ్చేవారు. మాకు పని నేర్పిన సీనియర్ టెక్నీషియన్ గారు మొదటి రోజే పెట్టిన నియమం ఒకటుంది: సీసాని ముందు వెలుతురుకి ఎత్తి చూడాలి, ఆ తర్వాతే మూత తియ్యాలి. రంగేమిటి, తేటగా ఉందా మసగ్గా ఉందా, అడుగున ఏమైనా పేరుకుందా, వాసన ఎలా ఉంది, ఇవన్నీ రిజిస్టర్లో రాశాకే మిగతా పని. పొద్దున లేవగానే మొదటిసారి పోసినదే తెమ్మనేవాళ్లం, కాస్త పోసి వదిలేసి మధ్యలోది పట్టమనేవాళ్లం. తెచ్చిన గంటలో చూసెయ్యాలి. టీ తాగొచ్చి చూద్దాంలే అన్నవాడికి ఆ రోజు చీవాట్లు తప్పేవి కావు.

చక్కెరకి బెనెడిక్ట్ ద్రావణం. టెస్ట్‌ట్యూబ్‌లో 5 మిల్లీలీటర్లు పోసి, 8 చుక్కల మూత్రం వేసి మరిగిస్తే, నీలం నీలంగానే ఉంటే లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుకరంగు. ఆల్బుమిన్‌కి టెస్ట్‌ట్యూబ్ పైభాగాన్ని మాత్రం స్పిరిట్ దీపం మీద కాచేవాళ్లం. తెల్లగా విరిగితే వెంటనే ఆల్బుమిన్ అని రాయకూడదు. రెండు చుక్కలు ఎసిటిక్ యాసిడ్ వెయ్యాలి. తెలుపు కరిగితే అది ఫాస్ఫేటు, నిలిస్తేనే ఆల్బుమిన్. ఒక్క ఫలితం రాయడానికి రెండుసార్లు అనుమానించాలని ఆ దీపం ముందే నేర్చుకున్నాం.

అసలు పని మైక్రోస్కోపు దగ్గర మొదలయ్యేది. కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్, కిటికీ వెలుగుని అద్దంతో పట్టే మైక్రోస్కోపు. అడుగున దిగినదాన్ని ఒక చుక్క స్లైడు మీద వేసి, ముందు లో పవర్లో అంచులన్నీ తిరిగి, తర్వాత హై పవర్లో ఒక్కో ఫీల్డూ లెక్కపెట్టేవాళ్లం. ఎర్రకణాలు చిక్కటి మూత్రంలో ముడుచుకుపోయి అంచులు ముళ్లుముళ్లుగా కనపడతాయి. పల్చటి మూత్రంలో ఉబ్బి, రంగు కారిపోయి, ఉన్నాయో లేవో తెలియనట్టుంటాయి. ఈస్టు కణాల్ని చూసి ఎర్రకణాలని రాసేసే ప్రమాదం ఉంది. ఒక చుక్క పల్చటి ఎసిటిక్ యాసిడ్ తగిలిస్తే ఎర్రకణాలు మాయమవుతాయి, ఈస్టు మాయం కాదు. ఎర్రకణాలు గొట్టం ఆకారంలో అతుక్కుని కాస్టులుగా కనపడితే జబ్బు కిడ్నీలోని వడపోత భాగంలో ఉన్నట్టు. కాస్టులు లేకుండా, ఆల్బుమిన్ లేకుండా, చక్కటి గుండ్రటి ఎర్రకణాలు మాత్రమే ఉంటే రాయో, గడ్డో, దారిలో ఎక్కడో ఏదో ఉన్నట్టు. అలాంటి స్లైడు దొరికితే రిపోర్టు మీద అంకె వేసి ఊరుకునేవాళ్లం కాదు. స్లైడు తీసుకెళ్లి పెథాలజీ డాక్టరు గారికి చూపించేవాళ్లం. ఆయన వార్డు డాక్టరుకి కబురు చేసేవారు. ఒక చుక్క మూత్రం గురించి ముగ్గురు మనుషులు మాట్లాడుకునేవారు.

ఇప్పుడేమైంది? ఒక కాగితపు పట్టీ వచ్చింది. పట్టీని నేను తిట్టను. అమెరికాలో హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతులు 1956లో చక్కెరకి ముంచి చూసే పట్టీని తెచ్చారు. దానివల్ల ఎన్ని ఊళ్లకి పరీక్ష చేరిందో లెక్కలేదు. కానీ పట్టీ దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో తెలుసుకోవాలి. రక్తం గడిలో రంగు మారితే అది ఎర్రకణాల వల్ల కావచ్చు, పగిలిన కణాలనుంచి వచ్చిన హిమోగ్లోబిన్ కావచ్చు, కండరాలు నలిగి వచ్చిన మయోగ్లోబిన్ కావచ్చు. పట్టీకి ఈ మూడూ ఒకటే. విటమిన్ సి బిళ్లలు ఎక్కువగా మింగేవాళ్లలో రక్తం ఉన్నా రంగు సరిగా మారకపోవచ్చు. కాబట్టి పట్టీ తర్వాత స్లైడు చూడాలి. చూసేవాళ్లెంతమంది? పొద్దున ఆరింటికి ఒక కుర్రాడు ఇంటికొచ్చి శాంపిలు తీసుకుంటాడు. ఇంకో పదిళ్లు తిరుగుతాడు. డబ్బా ఎక్కడో సెంటర్‌కి చేరి, అక్కణ్నుంచి నగరంలో పెద్ద ల్యాబ్‌కి పోతుంది. మామూలుగా ఉంచిన మూత్రాన్ని రెండు గంటల్లో చూడకపోతే ఎర్రకణాలు పగిలిపోతాయి, కాస్టులు కరిగిపోతాయి, సూక్ష్మక్రిములు పెరిగిపోతాయి. మధ్యాహ్నానికి చేరిన సీసాలో మిషను నిజాయితీగా చూసినా, చూడాల్సింది అప్పటికే పోయి ఉంటుంది. సాయంత్రానికి ఫోన్లోకి కాగితం వస్తుంది: ఎర్రకణాలు నిల్.

ఎర్రకణాలు ఉన్నాయని రాసినా పట్టించుకునేవాళ్లు లేరు. అదింకా బాధ. అమెరికా యూరాలజీ సంఘం చెప్పేదాని ప్రకారం హై పవర్ ఫీల్డుకి 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్రకణాలుంటే దాన్ని మూత్రంలో రక్తంగానే లెక్కించాలి. మనిషి వయసూ పొగతాగే అలవాటూ చూసి ఎంత లోతుగా వెతకాలో నిర్ణయించాలి. మన దగ్గర ఆ అంకె కనపడగానే "కొంచెం ఇన్ఫెక్షన్, నీళ్లు బాగా తాగండి" అనేస్తారు. ఆడవాళ్లయితే మరీ అన్యాయం. నెలసరి అనుకుంటారు, కాకపోతే యూరిన్ ఇన్ఫెక్షన్ అని కల్చర్ కూడా చేయించకుండా యాంటీబయోటిక్ రాస్తారు. మళ్లీ వస్తే మళ్లీ అదే రాస్తారు. గుండెకి రక్తం పల్చబడే బిళ్లలు వాడేవాళ్లయితే "ఆ బిళ్లల వల్లేలెండి" అని తేల్చేస్తారు. బిళ్ల వాడుతున్నా సరే, రక్తం ఎక్కణ్నుంచి వస్తోందో వెతకాల్సిందేనని అదే సంఘం చెప్తోంది. లోపల గడ్డ ఉంటే దాని రక్తాన్ని ఆ బిళ్ల కాస్త ముందే బయటపెట్టవచ్చు కూడా.

ఇంత చెప్పాక, మా రోజులన్నీ బంగారమని అనను. మాకు కళ్లున్నాయి, చేతుల్లో మాత్రం దారి లేదు. పొగాకు పండించే పల్లెనుంచి వచ్చిన ఒక రైతు నాకింకా గుర్తున్నాడు. మూత్రం ఎర్రగా వస్తే ఇంట్లో "వేడి చేసింది" అన్నారు. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు, బార్లీ కాచి పోశారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. కిడ్నీ గడ్డ రక్తం చేసే మోసం అదే: ఒకరోజు కారి, నెలల తరబడి ఆగి, మళ్లీ కారుతుంది. నొప్పి కూడా ఉండదు. బార్లీ నీళ్లే పనిచేశాయనుకుని అందరూ నిమ్మళపడ్డారు. ఆయన మా దగ్గరికి వచ్చేసరికి నడుము పక్కన నొప్పి, చేతికి తగిలే గడ్డ, మూత్రంలో రక్తం, మూడూ ఉన్నాయి. వైద్య పుస్తకాల్లో కిడ్నీ కాన్సర్‌కి గుర్తులుగా ఆ మూడింటినే రాసేవారు. ఆ మూడూ కలిసి కనపడ్డాయంటే చాలామందిలో జబ్బు అప్పటికే చెయ్యి దాటినట్టని ఏ టెక్నీషియన్‌కైనా తెలుసు.

అప్పట్లో కిడ్నీని చూడాలంటే ఐవీపీ అనే ఎక్స్‌రే పరీక్ష ఒక్కటే. ముందురోజు రాత్రి ఆముదం తాగించి కడుపు ఖాళీ చేయించేవారు. పొద్దున నరానికి రంగుమందు ఎక్కించి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ వరసగా ఎక్స్‌రేలు తీసేవారు. కిడ్నీ లోపలి గొట్టాలు పక్కకి ఒరిగిపోయి కనపడితే గడ్డ ఉందని ఊహించేవారు. చిన్న గడ్డ అందులో కనపడేదే కాదు. ఆ రైతుకి ఛాతీ ఎక్స్‌రేలో గుండ్రటి మచ్చలు కనపడ్డాయి. కిడ్నీ కాన్సర్‌ని మా పెద్ద డాక్టర్లు హైపర్‌నెఫ్రోమా అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆపరేషన్‌తో బాగుపడే దశ దాటిపోయింది. మొదటిసారి ఎర్రగా వచ్చిన రోజే ఆ సీసా మా కిటికీ దగ్గరికి వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా రోజుల్లో తలనొప్పి వస్తే ఏపీసీ బిళ్ల. కిళ్లీ కొట్లో కూడా దొరికేది. ఆస్పిరిన్, ఫెనాసిటిన్, కెఫీన్ కలిపిన బిళ్ల అది. ఏళ్ల తరబడి మింగితే ఆ ఫెనాసిటిన్ కిడ్నీని పాడుచేస్తుందనీ, మూత్రం చేరే తొట్టిలో కాన్సర్ తెస్తుందనీ తర్వాత తేలింది. మన దేశంలో దాన్ని 1983లో నిషేధించారు. ఇప్పటి పిల్లలకి ఆ బిళ్ల పేరు కూడా తెలియదు. మంచిదే. ఇప్పుడు మిగిలిన శత్రువులు వేరు: పొగ, లావెక్కిన ఒళ్లు, అదుపులో లేని బీపీ. ఈ మూడూ కిడ్నీ కాన్సర్ ముప్పు పెంచుతాయని గట్టిగా తేలిన విషయమే.

తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చింది. చల్లటి జెల్లు రాసి, చిన్న పెట్టె లాంటి ప్రోబ్ పొట్ట మీద జరిపితే కిడ్నీ తెర మీదకి వస్తుంది. ఆముదం లేదు, సూది లేదు. దాని వెనకే సీటీ. మేము కలలో కూడా చూడని చిన్న గడ్డలు, నాలుగు సెంటీమీటర్ల లోపువి, ఇప్పుడు దొరుకుతున్నాయి. దొరికినప్పుడు కిడ్నీ మొత్తం తీసెయ్యక్కర్లేదు. గడ్డ ఉన్న ముక్క వరకే కోసి మిగతాది నిలబెడుతున్నారు. అమెరికా లెక్కల్లో కాన్సర్ కిడ్నీ దాటకముందే దొరికినవాళ్లలో నూటికి 90 మందికి పైగా అయిదేళ్ల తర్వాతా ఉంటున్నారు. ఊపిరితిత్తులకో ఎముకలకో పాకాక దొరికితే ఆ లెక్క నూటికి 20 లోపే. ఆ రైతుకీ ఇప్పటి మనిషికీ మధ్య ఉన్న దూరమంతా ఆ రెండు అంకెల్లో ఉంది. ఈ విషయంలో ఇప్పటి రోజులకి చేతులెత్తి దండం పెడతాను.

కానీ ఆ చిన్న గడ్డలు ఎలా దొరుకుతున్నాయో చూడండి. సగానికి పైగా కిడ్నీ కాన్సర్లు వేరే పని మీద తీసిన స్కానింగులో బయటపడుతున్నాయి. గాస్ట్రిక్ నొప్పికని తీస్తే, పిత్తాశయంలో రాయి ఉందేమోనని తీస్తే, పక్కన కిడ్నీలో గడ్డ కనపడుతుంది. అదృష్టం ఉన్నవాడు దొరుకుతున్నాడు. కడుపునొప్పి రానివాడి సంగతేమిటి? స్కానింగ్ సెంటర్ లేని ఊరివాడి సంగతేమిటి? ఇంకో చిక్కూ ఉంది. చిన్న గడ్డ చాలామందిలో రక్తం కూడా కార్చదు. మా స్లైడు ఎంత శ్రద్ధగా చూసినా కారని రక్తాన్ని చూపించలేదు. మా కంటికి ఉన్న హద్దు అది. ఆ హద్దు అవతలికి వెళ్లాలంటే ఎర్రకణం కంటే ముందు మూత్రంలోకి దిగే ఇంకేదో దొరకాలి.

దాని కోసం వెతికినవాళ్లున్నారు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జెరెమియా మారిసీ, ఇవాన్ ఖరాష్ అనే ఇద్దరు, తోటివాళ్లతో కలిసి ఈ పని తలకెత్తుకున్నారు. వాళ్లు వెతికిన దారి మాలాంటి ల్యాబ్ మనిషికి ఇట్టే అర్థమవుతుంది. కిడ్నీ కాన్సర్లలో ఎక్కువ భాగం, నూటికి 75 దాకా, క్లియర్ సెల్ రకం. తీసిన గడ్డని కోస్తే పసుప్పచ్చగా ఉంటుంది, ఎందుకంటే ఆ కణాల నిండా కొవ్వు. స్లైడు చేసేటప్పుడు ఆల్కహాల్, జైలీన్‌లలో ముంచుతాం కదా, ఆ కొవ్వంతా కరిగిపోయి మైక్రోస్కోపు కింద కణాలు ఖాళీగా, తెల్లగా కనపడతాయి. మేము ఆ ఖాళీల్ని చూసి రకం గుర్తుపట్టి ఊరుకున్నాం. వీళ్లు ఆ కొవ్వు బొట్ల చుట్టూ ఉండే పెరిలిపిన్-2 అనే ప్రోటీన్‌ని మూత్రంలో వెతికారు. రెండోది అక్వాపోరిన్-1. కణంలోకి నీరు వెళ్లే దారి అది; పీటర్ ఆగ్రేకి 2003లో రసాయన నోబెల్ తెచ్చిపెట్టిన ప్రోటీన్ అదే. కిడ్నీలో నీటిని ఎక్కువగా వెనక్కి పీల్చే మొదటి గొట్టం గోడల్లో అది దండిగా ఉంటుంది. ఈ కాన్సర్ పుట్టేది కూడా ఆ గొట్టంలోనే.

2010లో మొదట చూపించారు: కిడ్నీ కాన్సర్ ఉన్నవాళ్ల మూత్రంలో ఈ రెండు ప్రోటీన్లూ బాగా ఎక్కువగా ఉన్నాయి, గడ్డ తీసేశాక పడిపోయాయి. గడ్డతో పాటు పోయిందంటే అది గడ్డనుంచి వచ్చిందే అన్నమాట. 2015లో ఇంకాస్త గట్టి పరీక్ష పెట్టారు. రకరకాల కారణాలతో పొట్ట సీటీకి వచ్చిన 720 మంది మూత్రం తీసుకున్నారు. వీళ్లని 80 మంది ఆరోగ్యవంతులతోనూ, కాన్సర్ నిర్ధారణైన 19 మందితోనూ పోల్చారు. ఆ 720 మందిలో ముగ్గురికి ప్రోటీన్లు ఎక్కువగా వచ్చాయి. ఆ ముగ్గురి సీటీలోనూ కిడ్నీలో అనుమానపు గడ్డలున్నాయి. వాళ్లలో తదుపరి పరీక్షలు చేయించుకున్న ఇద్దరికి కాన్సరేనని తేలింది. ఆ సంగతి చదివిన రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. జీవితమంతా సీసాలు ఎత్తి చూసినవాళ్లకి అది సొంత ఇంటి కబురు.

మూత్రంలో కాన్సర్ వెతకడం నిన్నామొన్నటి ఆలోచన కాదు. 1840ల్లో లండన్‌లో హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్యుడు ఒక రోగి మూత్రాన్ని కాచి చూశాడు. కాస్త వేడికి ప్రోటీన్ విరిగింది, మరిగించేసరికి కరిగిపోయింది, చల్లారాక మళ్లీ విరిగింది. ఎముక మజ్జ కాన్సర్‌కి అది గుర్తు అయింది. కాన్సర్‌కి ల్యాబ్‌లో దొరికిన మొట్టమొదటి గుర్తు అదేనంటారు. అదే స్పిరిట్ దీపం, అదే టెస్ట్‌ట్యూబ్‌తో మేమూ ఆ పరీక్ష చేసేవాళ్లం. ఇక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు. ప్రపంచమంతా ల్యాబుల్లో దాన్ని ఫిస్క్–సుబ్బారావు పద్ధతనే పిలిచారు. తర్వాత ఆయన నడిపిన పరిశోధన బృందంలోంచే కాన్సర్‌కి మెథోట్రెక్సేట్ మందు వచ్చింది. మూత్రంలో ఒక పదార్థాన్ని ఓపిగ్గా కొలవడం చిన్న పనని ఏ తెలుగువాడూ అనకూడదు.

అయితే ఈ కొత్త పరీక్ష ఇంకా మన వీధి ల్యాబ్‌లో లేదు. అమెరికా, ఐరోపా యూరాలజీ సంఘాలు అందరికీ చేయమని చెప్పిన కిడ్నీ కాన్సర్ మూత్రపరీక్ష ఇంతవరకూ ఒక్కటీ లేదు. ఎవరైనా "ఒక్క చుక్కతో కిడ్నీ కాన్సర్ చెప్పేస్తాం" అని ప్యాకేజీ అమ్మితే నమ్మకండి. ఎందుకు ఆగిందో లెక్క వేసి చెప్తాను. ఒక ఊళ్లో లక్ష మంది ఉన్నారనుకుందాం. వాళ్లలో 20 మందికి ఈ కాన్సర్ ఉందనుకుందాం. పరీక్ష జబ్బున్నవాళ్లలో నూటికి 95 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్లలో నూటికి 95 మందిని సరిగ్గా వదిలేస్తుందనుకుందాం. వినడానికి గొప్పగా ఉంది. కానీ లేనివాళ్లలో నూటికి అయిదుగురంటే దాదాపు 5,000 మందికి "అనుమానం" అని కాగితం వెళ్తుంది. ఆ 20 మందిలో దొరికే 19 మంది కోసం ఇంత జనం నిద్ర మానుకుని, అప్పుచేసి సీటీలు తీయించుకోవాలి. పైగా స్కానింగులో కనపడిన చిన్న గడ్డల్లో కొన్ని కాన్సరే కావు. కొన్ని చాలా నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి పెద్దవయసువాళ్లలో కొయ్యకుండా గమనిస్తూ ఉంటారు.

కాబట్టి ఇలాంటి పరీక్ష వచ్చిన రోజున ముందు ముప్పు ఎక్కువున్నవాళ్లకి అందాలి: ఏళ్ల తరబడి పొగ తాగినవాళ్లు, ఒళ్లూ బీపీ కలిసి ఉన్నవాళ్లు, ఇంట్లో కిడ్నీ కాన్సర్ చరిత్ర ఉన్నవాళ్లు, ఏళ్లుగా డయాలసిస్ మీద ఉన్నవాళ్లు. వాళ్లలో తేడా వస్తే అల్ట్రాసౌండ్, దాని తర్వాత అవసరమైతే సీటీ. ఈ వరస ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రి దాకా తెగకుండా నడవాలి. ఇలా నడవాలంటే శాంపిలు సరిగ్గా తీయడం తెలియాలి, సమయానికి చూడడం తెలియాలి, తేడా వస్తే ఫోను చేసి చెప్పే అలవాటు ఉండాలి. మేము పెన్సిలిన్ సీసాతో చేసింది అదే. రేపు ఎంత గొప్ప ప్రోటీన్ పరీక్ష వచ్చినా దాని కాళ్లు ఈ పాత అలవాట్ల మీదే నిలబడాలి. ఎర్రకణాలున్నాయని రాసిన కాగితాన్నే చూడనివాడు అక్వాపోరిన్ అంకె వేసిన కాగితాన్ని చూస్తాడా?

ల్యాబుల్లో పనిచేస్తున్న పిల్లలకి ఒక మాట. మీ మిషన్లు మాకు లేవు, వాటితో మంచి పని చెయ్యండి. కానీ పట్టీలో రక్తం గడి రంగు మారిన ప్రతి శాంపిలునీ స్లైడు వేసి మీ కళ్లతో చూడండి. చూడకుండా నిల్ అని రాయకండి. ఆలస్యంగా వచ్చిన శాంపిలుని ఆలస్యంగా వచ్చిందనే రాయండి, మళ్లీ తెమ్మనండి. కాస్టులు లేకుండా ఎర్రకణాలే ఉంటే డాక్టరుకి ఫోను చెయ్యండి. జీతం పెరగదు, ఎవరూ శాలువా కప్పరు, అయినా చెయ్యండి.

ఇక ఫైళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చే అందరికీ. మూత్రం ఒక్కసారి ఎర్రగా వచ్చినా, నొప్పి లేకపోయినా, మర్నాటికి తగ్గిపోయినా, వేడి అని వదిలెయ్యకండి. బీట్‌రూట్ తింటే ఎర్రబడొచ్చు, టీబీకి వాడే రిఫాంపిసిన్‌తో నారింజరంగు రావచ్చు. అదో కాదో స్లైడు తేలుస్తుంది, మీరు తేల్చకండి. రక్తమేనని తేలితే స్కానింగు చేయించండి, మూత్రాశయం కూడా చూడమని అడగండి, ఎందుకంటే అక్కడి కాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది. ఇన్ఫెక్షన్ అన్నారా, మందు అయ్యాక మళ్లీ పరీక్ష చేయించి ఎర్రకణాలు నిజంగా పోయాయో లేదో చూసుకోండి. పోకపోతే యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. చుట్ట, బీడీ, సిగరెట్ మానెయ్యండి. బీపీ బిళ్ల మానకండి. ఆ ఫైలు చివరి కాగితాన్ని ముందు చదవండి. అందులో హై పవర్ ఫీల్డుకి మూడో, అయిదో, పదో ఎర్రకణాలని రాసి ఉంటే నన్ను కాదు, డాక్టరుని అడగండి. ఆ రోజే అడగండి.